ముందు ఖాళీది

ఆమె పెద్దకర్మకు కట్టిన ఫ్లెక్సీలో ఫొటో వెనక బాంబు పేలిన పొగ ఉంది. పుట్టగొడుగులా లేచే ఆ పొగ అందరికీ తెలిసిందే. దాని ముందు ఆమె, ఉద్యోగపు కార్డు మీది నవ్వని మొహంతో, కళ్ళద్దాలతో. పైన ఎర్ర అక్షరాల్లో "అణుశాస్త్ర రత్నం".

గల్లీ మలుపులో ఆగి దాన్ని చూశాను. అక్కడి నుంచి నేరుగా ఫ్లెక్సీ షాపుకు పోయాను.

"ఈ పొగ ఎవరు పెట్టమన్నరు?"

"ఎవ్వరు పెట్టమనలే సార్. అణు కంపెనీల చేసేదని వాళ్ల తమ్ముడు చెప్పిండు. అణు అని కొడితే గిదే వచ్చింది."

"ఆమె బాంబులు చేయలేదు."

"మరేం చేసింది సార్?"

"యురేనియంలో యురేనియం కానిది ఎంత ఉందో చూసేది."

షాపతను కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. "దానికి ఫొటో దొరకది సార్," అన్నాడు.

నిజమే. పొగ తీయించి వెనక తెల్లగా ఉంచమన్నాను. రత్నాన్ని కూడా తీయించాను. కొత్త ఫ్లెక్సీ కట్టిన సాయంత్రం ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏంది భాయ్, అంత ఖాళీ ఖాళీ కొడుతున్నది?"

ఆమె వింటే సంతోషపడేది.

హైదరాబాదులో ఒక ల్యాబులో నేను చాలా ఏళ్ళు ఆమె కింద పనిచేశాను. ఇద్దరిదీ సిద్దిపేటే. ఆమెది మగ్గాల ఇల్లు. మాది అత్తర్లు, టోపీలు అమ్మే దుకాణం. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను భాయ్ అనేది. ఆదివారం ఊరికి పోయి సోమవారం డ్యూటీకి వస్తే తలుపు దగ్గరే ఆపేది. "భాయ్, మీ అబ్బా దుకాణం నీ ఎంబడే వచ్చింది. పోయి తానం చేసి రా." అత్తరు వాసన నాకు తెలిసేది కాదు. ఆమె ముక్కుకు తెలిసేది. మారుమాట్లాడకుండా పోయి స్నానం చేసి వచ్చేవాణ్ణి.

మా పని చెప్పడానికి తేలిక. ఇంధనం కోసం వచ్చిన యురేనియంలో వేరే మూలకాలు ఎంతెంత కలిసి ఉన్నాయో చూడాలి. అసలు సరుకు మోతాదు ఎక్కువ కాబట్టి దాని చాటున ఈ కొద్దిపాటివి కనపడవు. అందుకని ముందు ఆమ్లంలో కరిగించి, యురేనియాన్ని పక్కకు తప్పించి, మిగిలిన ద్రావణాన్ని కొలిచే యంత్రానికి ఇస్తారు. కొన్ని మూలకాలు దాదాపుగా ఉండనే కూడదు. బోరాన్ అలాంటిది. రియాక్టరును నడిపించే న్యూట్రాన్లను అది మింగేస్తుంది. బస్తా బియ్యంలో ఒక్క గింజ పాటి బోరాన్ ఉన్నా ఆ సరుకు వెనక్కి పోతుంది.

ఇంత చిన్నదాన్ని వెతికేటప్పుడు ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. దొరికింది సరుకులోదా, మనం తెచ్చిందా? గాజు గిన్నెలో బోరాన్ ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంటుంది. మొహానికి రాసే పౌడరులో జింకు ఉంటుంది. అందుకని సరుకు వేయకుండా, అవే ఆమ్లాలతో, అవే గొట్టాలతో మొత్తం పని ఒకసారి ఉత్తగా చేసి చూస్తారు. దాన్ని అందరూ బ్లాంక్ అంటారు. ఆమె ఖాళీది అనేది. ఖాళీదానిలో ఏది కనపడినా అది మనదే.

ఎవరు ఫలితం పట్టుకుని వచ్చినా కాగితం వైపు చూడకముందే ఆ ఒక్క మాట అడిగేది.

"ఖాళీది నడిపినవా?"

ల్యాబు బయట కూడా అదే. నా పెళ్ళయిన ఏడాది, కోడలు అడుగుపెట్టినప్పటి నుంచి దుకాణంలో గిరాకి పడిపోయిందని మా అమ్మీ బాధపడుతుండేది. ఒక ఆదివారం అక్క మా ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతోంది. అమ్మీ మళ్ళీ ఆ మాట ఎత్తింది. నా భార్య వంటింట్లో గిన్నెలు చప్పుడు చేయడం ఆపేసింది.

"కోడలు రాకముందు ఏడాది గిరాకి ఎట్లుండె అమ్మీ?" అంది అక్క.

అమ్మీ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "గప్పుడు గూడ గిట్లనే ఉండె."

"మరింకేంది?" అని ఆమె చాయ్ తాగింది. మా ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఖాళీది అన్న మాటను ఎవరైనా వేదాంతం చేస్తే మాత్రం ఆమెకు నచ్చేది కాదు. కొత్తగా చేరిన ఒకతను, "మన బతుకు కూడా ఈ ఖాళీ గిన్నె లాంటిదే కదా మేడం," అన్నాడొకసారి. "కాదు," అంది. "గిది గిన్నె. కడుగు."

ఆమె మణికట్లు ఎప్పుడూ ఉత్తగా ఉండేవి. గాజులు లేవు, బొట్టు లేదు, కాటుక లేదు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి అడిగేవాళ్ళకు లెక్క సరిపోయేది కాదు. నంగునూరులో ఒక పెళ్ళిలో ఒక ముసలామె ఆమె చేయి పట్టుకుని, "ఉత్త చేతులేంది బిడ్డా, ఎవలు పోయిన్రని?" అంది. "ఎవలు పోలే పెద్దమ్మా. రేపు డ్యూటీ ఉన్నది," అంది ఈమె. ముసలామెకు ఏమీ అర్థం కాలేదు. విప్పి చెప్పే ప్రయత్నం కూడా ఈమె చేయలేదు.

కొమురవెల్లి జాతర రోజుల్లో తల్లిని తీసుకుని మల్లన్న దగ్గరికి పోయేది. అక్కడ నుదుటి నిండా పసుపు బండారి పెట్టించుకునేది. ఇంటికి రాగానే తలమీద నుంచి స్నానం. అవ్వ మొత్తుకునేది. "దేవుని బండారి గట్ల కడుక్కుంటరా?"

"మల్లన్న ఏమనుకోడు అవ్వా. మా మిషన్ అనుకుంటది."

సంబంధాలు వచ్చాయి, పోయాయి. అణు కంపెనీలో చేసే పిల్లకు పిల్లలు పుడతారా అని ఒకరు ఆమె బాపును అడిగారట. ఇంటికి వచ్చి ఆయన చెబితే ఆమె నవ్విందట. నాతో చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. రేడియేషన్ అంటే భయం లేని మనిషి కాదు ఆమె. ఎంత తగిలిందో కొలిచే బ్యాడ్జి ఛాతీ మీద లేకుండా లోపల అడుగు పెట్టేది కాదు, ఇంకొకరిని పెట్టనిచ్చేది కాదు. ఆ లెక్క వచ్చినప్పుడల్లా కళ్ళద్దాలు సర్దుకుని చదివేది. "భయమైనదాన్ని కొలువాలె భాయ్. కొలిచినంక ఎంత భయపడాల్నో అంతే భయపడాలె," అనేది.

వేరుచేసే పని చాలాకాలం చేతుల మీదే జరిగింది. తర్వాత దానికి యంత్రం వచ్చింది. పంపులు, కవాటాలు, సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, చిన్న చిన్న కప్పులు పెట్టే పళ్ళెం. పొద్దున కప్పులు పెట్టి మీట నొక్కితే, ఒకదాని తర్వాత ఒకటి అదే పీల్చుకుని, యురేనియాన్ని ఆపేసి, మిగిలినదాన్ని కొలిచే యంత్రానికి పంపేది. జీవితమంతా చేత్తో చేసిన మనిషి కాబట్టి ఆమె దీన్ని ఒప్పుకోదని అందరూ అనుకున్నారు. ఆమె అది కావాలని ఏళ్ళ తరబడి కొట్లాడి తెప్పించింది.

"మనిషి చెమట పడతడు, తుమ్ముతడు, ఇంట్ల కొట్లాట అయితే పని ఉరికిస్తడు," అంది నాతో. "మిషన్‌కు ఇల్లు లేదు."

ఆ యంత్రం వచ్చిన కొత్తలోనే బోరాన్ ఎక్కువ చూపించడం మొదలైంది. సరుకులోనూ, ఖాళీదానిలోనూ. అదీ ఒక తీరుగా కాదు. ఒక పూట శుభ్రంగా ఉండేది, ఇంకో పూట అంకె పైకి ఎగిరేది. సరుకు పంపినవాళ్ళు రోజూ ఫోన్ చేసేవాళ్ళు. యంత్రం అమ్మినతను వచ్చి మీ ఆమ్లాలే బాగాలేవన్నాడు. ఆమ్లాలు మార్చాం. గొట్టాలు మార్చాం. గాజు అన్నది గదిలో లేకుండా చేశాం. అయినా అంతే.

మా పెద్దసారు మంచివాడే, కానీ కంగారు మనిషి. పైనుంచి ఒత్తిడి ఆయన మీదే ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే లోపలికి వచ్చి, కోటు తొడుక్కుని, యంత్రం పక్కన నిలబడేవాడు. పళ్ళెం మీది మూత ఎత్తి కప్పుల్లోకి తొంగిచూసేవాడు. చూస్తే కనపడేది ఏమీ లేదు. అయినా చూసేవాడు. ఒకరోజు ఆమెను పిలిచి, "ఖాళీవాటి సగటు తీసి, సరుకులోంచి తీసేసి సంతకం పెట్టండి," అన్నాడు.

"సగటు తీయడానికి అది ఒక్కకాడ ఉండాలె గదా సార్. ఉరుకుతున్నది."

"అయితే యంత్రం చెడిపోయిందని రాసి వెనక్కి పంపుదాం. పాత పద్ధతిలో చేత్తో చేయండి."

"చెడిపోలే సార్."

"మరి తప్పు ఎవరిది?"

"తెల్వది. తెలిసేదాక సంతకం పెట్ట."

అప్పుడు ల్యాబులో అందరూ ఆమెకు ఎదురే. ఆమె మొండితనం వల్ల సరుకు ఆగిపోయిందని అన్నారు. తను తెప్పించిన యంత్రం కాబట్టి వెనకేసుకొస్తోందని అన్నారు. నాకూ కొంత అలాగే అనిపించింది. ఆమె మాత్రం పొద్దున ఖాళీది, మధ్యాహ్నం ఖాళీది నడుపుతూ పోయింది. పొద్దుటివన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాడైనవన్నీ మధ్యాహ్నానివే.

ఒకనాడు భోజనాల వేళ, "రా భాయ్," అని నన్ను తీసుకుని వినోదపు గదికి పోయింది. ఆ గదికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు. లోపల క్యారం పోటీలు జరుగుతున్నాయి. బోర్డు చుట్టూ జనం. మధ్యలో మా పెద్దసారు, చొక్కా చేతులు కిందికే ఉంచుకుని, ఒక కన్ను మూసి గురి చూస్తున్నాడు. ఆయన మా చాంపియన్. ఆటకు ముందు డబ్బాలోంచి తెల్లటి పౌడరు బోర్డు మీద చల్లి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి రాశాడు. అది బోరిక్ పౌడరు. బోరాన్‌తోనే అయ్యేది. మా అందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. క్యారం ఆడే మనిషి ఎవరికి తెలియదు?

ఆమె ఆయన రెడ్ వేసేదాకా నిలబడి చూసింది. "మంచిగ ఆడుతడు," అని వెనక్కి తిరిగింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయనను లోపలికి రావద్దని బతిమాలింది. ఖాళీది శుభ్రంగా వచ్చింది. మర్నాడు ఆయనను తనే పిలిచి, ఎప్పటిలాగే నిలబడి చూడమంది. ఖాళీదానిలో అంకె మళ్ళీ పైకి ఎగిరింది. రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టింది.

"ఇది మీరు లేనప్పటిది సార్. ఇది మీరు ఉన్నప్పటిది."

ఆయన కాగితాలు చూశాడు. తర్వాత కోటు అంచు కిందినుంచి బయటికి వచ్చిన తన చొక్కా చేతులు చూసుకున్నాడు. ఫలితం ఏమవుతుందోనన్న కంగారుతో ఆయన ఎంత వంగి చూస్తే, అంత బోరాన్. వాటిని కోటులోకి దోపుకుని, "రిపోర్టులో యంత్రంలో సాంకేతిక లోపం, సరిచేయబడింది అని రాయండి," అన్నాడు.

"రాయ సార్."

"నా పేరు రాస్తారా?"

"మీ పేరెందుకు? క్యారం పౌడర్ అని రాస్త. మిషన్‌ది తప్పు లేదు సార్. దాని తరఫున మాట్లాడేటోళ్లు లేరని దాని మీద ఏస్తే ఎట్ల?"

అలాగే రాసింది. సరుకును మళ్ళీ నడిపితే దానిలో ఏమీ లేదు. యంత్రం ఉండిపోయింది. పెద్దసారు క్యారం మానలేదు. కానీ ఆ తర్వాత ఆట కాగానే మోచేతుల దాకా కడుక్కునేవాడు, నమాజుకు ముందు నేను వజూ చేసుకున్నట్టే. ఆ ఏడాది ఆమెకు రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ రిపోర్టు వల్లే అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "రిపోర్టు రాయకపోతే వచ్చేదా? గది మనకు తెల్వదు గదా భాయ్," అంది. తనకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి కూడా ఆమెకు ఖాళీది కావాలి.

రిటైరైన మర్నాడే సిద్దిపేటకు వచ్చేసింది. బజారుకు పోయి రెండు చేతులకూ ఆకుపచ్చ గాజు గాజులు వేయించుకుంది. అన్నేసి వేస్తే చేతులు లేపలేవమ్మా అన్నాడట గాజులతను. తర్వాత నేను ఎప్పుడు పోయినా వాకిట్లో క్యారంబోర్డు ఉండేది. మేనకోడలు రమ్యతో ఆడేది. గాజులు గలగలమంటుంటే, మోచేతుల దాకా బోరిక్ పౌడరుతో, పిల్లల మీద కూడా జాలి లేకుండా గెలిచేది. ఒకసారి నేను బోర్డు దగ్గరికి రాగానే అలవాటుగా రెండడుగులు వెనక్కి జరిగాను. "జరుగకు భాయ్," అంది. "ఇప్పుడు మనను ఎవ్వడు కొలుస్తలేడు."

పోయిన నెల ఒక పొద్దున ఆ వాకిట్లోనే పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు.

గల్లీ అంతా ఇంకో మాట అంది. రేడియేషన్.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వాకిట్లో అందరం కూర్చున్నాం. రమ్య విస్తర్లు తీస్తోంది. ఆ పిల్ల కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. మేనత్త పోయిన వారానికే, మేనత్త చేసిన ల్యాబులోనే ఉద్యోగం వచ్చిందని తెలిసింది. సోమవారం చేరాలి. తండ్రి వద్దంటున్నాడు.

"మా అక్కను తిన్నది సాలు," అన్నాడు ఆమె తమ్ముడు అందరికీ వినపడేలా. "నా బిడ్డను పంపియ్య."

"నిజమే," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. "రేడియేషన్ ఊకె పోతదా? లోపల్లోపల తింటది." రమ్య విస్తర్లు పట్టుకుని నిలబడిపోయింది. నా వైపు చూసింది.

నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాదు. కానీ బాంబు పొగను ఫ్లెక్సీ మీద నుంచి తీయించి, మనుషుల నోట్లో ఉంచితే ఏం లాభం?

"మీ బాపు ఎట్ల పోయిండు?" అన్నాను.

"మా బాపా? నెత్తిల నరం పగిలి. నీకు తెల్వదా భాయ్?"

"ఏడ పనిచేసిండు?"

"ఏడేంది? మగ్గం మీదనే ఒరిగిండు గదా."

"మీ పెద్దనాయిన?"

"ఆయన గూడ గట్లనే. భివండిల మగ్గాల కాడ."

"భివండిల అణు కంపెనీ ఉన్నదా?"

గోడకు ఆనుకుని కూర్చున్న అతని చిన్నమ్మ, "మా అత్తమ్మ, గీళ్ల నాయనమ్మ, గూడ గంతే," అంది. "బీడీలు సుట్టుకుంట సుట్టుకుంట పక్కకు ఒరిగింది."

"అక్క ఉంటే ఏమడిగేది?" అన్నాను. "ఖాళీది నడిపినవా అని అడిగేది. గిదే ఖాళీది. కంపెనీని తీసి పక్కన పెట్టి చూడు. మగ్గం మీద గదే రోగం, బీడీల కాడ గదే రోగం. రేడియేషన్ మంచిదని నేననలేదు. ఆమెకు ఎంత తగిలిందో ఆమెకు తెలుసు. ప్రతిసారి సదువుకునేది. భయపడాల్సినంత ఉంటే దాచే మనిషేనా మీ అక్క? పెద్దసారు చేతులకు అంటిన పౌడర్‌ను దాచలేదు."

"మరి మా అక్క ఎట్ల పోయిందంటవ్?"

"మీ ఇంటోళ్లు పోయినట్టే. బీపీతోని. నువ్వు గోలి ఏసుకుంటున్నవా?"

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. లోపలి నుంచి అతని భార్య అందుకుంది. "ఏడ ఏసుకుంటడు భాయ్? కల్లు తాగిననాడు ఏసుకోవద్దంటడు. తాగని నాడు లేదు."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఆ ఇంట్లో అన్ని రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. అతను నవ్వలేదు. తలవంచుకుని కూర్చున్నాడు.

"నేను పోత బాపు," అంది రమ్య. "నువ్వు పంపినా పోత, పంపకపోయినా పోత. పంపితే మంచిగుంటది."

అతను లేచి భుజం మీది తువ్వాల దులుపుకున్నాడు. "సోమారం పొద్దుగాల మొదటి బస్సుకు ఎక్కిస్త," అన్నాడు. "గజ్వేల్‌ల చాయ్ అని దిగకు. సీటు పోతది." తర్వాత నా వైపు చూడకుండా భార్యతో అన్నాడు. "గా గోలి ఏడున్నదో ఇటు తే."

నేను బయల్దేరుతుంటే రమ్య గడప దాకా వచ్చింది. వాకిట్లో క్యారంబోర్డు గోడకు ఆనించి ఉంది. ఎవరూ తుడవలేదు. దాని మీద పౌడరు అలాగే ఉంది.

"చిచ్చా, గాడ ఇంకా క్యారం ఆడుతరా?"

"ఆడుతరు. నువ్వు గూడ ఆడు. ఆడినంక మోచేతుల దాక కడుక్కో."

"ఇప్పుడున్న పెద్దసారు ఆడి వస్తే?"

"ఆయన చేతులు గూడ చూడు."

"ముందు ఆయనవే చూస్త," అంది.